ఇంట్లో ఆర్కిడ్ల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాల్కనీ చూసినవాళ్లు మొదట అడిగేది "ఇవి ప్లాస్టిక్ పూలా?" అని. ఆ వెంటనే వచ్చే ప్రశ్న "మరి మా ఇంట్లో ఎందుకు బతకలేదు?" అని. మాది హైదరాబాద్‌లో రెండో అంతస్తు, తూర్పు బాల్కనీ. ఇప్పుడు నలభై పైచిలుకు ఆర్కిడ్లు ఉన్నాయి. మొదట కొన్న ఐదూ చచ్చిపోయాయి. రోజూ శ్రద్ధగా నీళ్లు పోసి నేనే చంపాను. బంధువులు, పక్క ఫ్లాట్లవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు అవే సందేహాలు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎక్కడినుంచి కావాలంటే అక్కడినుంచి చదువుకోవచ్చు.

## కొనేముందు

మొదటిసారి పెంచుతున్నాను. ఏ ఆర్కిడ్ కొనాలి?

డెండ్రోబియం. పెళ్లి స్టేజీల మీద, బొకేల్లో కనిపించే ఊదా, తెలుపు పూల రకం ఇదే. నీడ కాస్త ఉంటే మన మే నెలను కూడా తట్టుకుంటుంది, ఒకటి రెండు పొరపాట్లు చేసినా క్షమిస్తుంది. షాపుల్లో అందరి కళ్లూ పడేది ఫెలనాప్సిస్ మీద. సీతాకోకచిలుకలు వరసగా వాలినట్టు ఉంటుంది, పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి. కానీ దానికి హాయిగా ఉండేది 18 నుంచి 30 డిగ్రీల మధ్య. ఒక డెండ్రోబియంను ఏడాది కాపాడి, దాని చేత పూలు పూయించాక ఫెలనాప్సిస్ కొనండి. వాండా అనే ఇంకో రకానికి రోజూ నీళ్లు, గట్టి వెలుతురు కావాలి. దాని జోలికి మొదటి రెండేళ్లు వెళ్లకపోవడమే మంచిది.

మన ఎండల్లో అసలు బతుకుతాయా? హైదరాబాద్‌కీ విజయవాడకీ తేడా ఉందా?

బతుకుతాయి, కాకపోతే ఊరిని బట్టి మొక్కను ఎంచుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. వాండా, మొకారా, డెండ్రోబియం అక్కడ మాకంటే బాగా వస్తాయి. విజయవాడ, రాజమండ్రిలో తేమ ఉన్నా వేసవి మండిపోతుంది కాబట్టి షేడ్ నెట్ (ఎండను తగ్గించే వల) లేకుండా మొదలుపెట్టొద్దు. హైదరాబాద్ గాలి పొడి, అది ఇబ్బందే. కానీ సంక్రాంతి ముందు రాత్రుళ్లు చల్లబడతాయి, ఆ చలికే ఫెలనాప్సిస్ పూలకాడ వేస్తుంది. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు అదృష్టవంతులు, అక్కడ దాదాపు అన్నీ వస్తాయి.

ఊటీ నుంచి సింబీడియం తెచ్చాం. నాలుగేళ్లయింది, ఒక్క పువ్వూ లేదు. ఎందుకు?

అది చలి మొక్క. పూత రావాలంటే వారాల తరబడి రాత్రి ఉష్ణోగ్రత 10 నుంచి 15 డిగ్రీలకు పడిపోవాలి. మన దగ్గర అంత చలి అన్ని వారాలు నిలవదు. మొక్క చావదు, గడ్డి దుబ్బులా పచ్చగా పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఆశ చావదు. కొండప్రాంతం టూర్లలో సింబీడియం ముందు నిలబడి ఫోటో తీయించుకుని వచ్చేయండి.

ఆన్‌లైన్‌లో వంద రూపాయలకు ఆర్కిడ్ విత్తనాల ప్యాకెట్ చూశాను. కొనొచ్చా?

వద్దు. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, ఒక్క కాయలోనే వేలు, లక్షలు ఉంటాయి. మొలకకు కావలసిన ఆహారం ఆ విత్తనంలో ఉండదు. అడవిలో అయితే ఒక రకం శిలీంధ్రం తోడుంటేనే మొలుస్తుంది. ఆ శిలీంధ్రం లేకుండా, చక్కెర, పోషకాలు కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్‌సన్ 1922లో చూపించాడు. నేటికీ ల్యాబుల్లో చేసేది ఆ పనే. ల్యాబు సీసాలోంచి బయటికి వచ్చిన పిల్ల మొక్క పూతకు రావడానికి కనీసం రెండు మూడేళ్లు. మా వదిన అలాంటి ప్యాకెట్ ఒకటి కొని కుండీలో చల్లింది. తోటకూర మొలిచింది, పప్పులో వేసుకున్నాం.

నీలం ఆర్కిడ్ కొన్నాను. రెండోసారి తెల్లగా పూసింది. ఎరువు లోపమా?

కాదు. తెల్ల ఫెలనాప్సిస్ పూలకాడలోకి రంగు ఎక్కించి అలా అమ్ముతారు. కొత్త కాడకు ఆ రంగు రాదు. మొక్కకు జబ్బేమీ లేదు, తెల్ల పువ్వుగానే పెంచుకోండి. నిజమైన నీలానికి దగ్గరగా పూసేది ఈశాన్య రాష్ట్రాల కొండల్లో ఉండే వాండా సెరూలియా. అడవిలోంచి దాన్ని తీయడం చట్టరీత్యా నేరం.

మా ఊళ్లో మామిడిచెట్టు మీద ఆర్కిడ్ ఉంది. బదనిక అని పీకేస్తున్నారు. తెచ్చి కుండీలో పెట్టుకోవచ్చా?

కోస్తా తోటల్లో మామిడి కొమ్మల మీద కనిపించేది చాలావరకు వాండా టెస్సెలేటా. గోధుమ గళ్ల రేకులు, మధ్యలో ఊదా నాలుక ఉంటాయి. చెట్టుమీద పెరిగేదాన్నల్లా మనవాళ్లు బదనిక అంటారు గానీ, అసలు బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ పీల్చదు. కొమ్మను పట్టుకుని కూర్చుంటుంది, వాననీళ్లు, ఆకుల చెత్త, గాలిలోని తేమతో బతుకుతుంది. పీకేవాళ్లకు ఈ ముక్క చెప్పండి. కుండీలోకి మాత్రం తేవద్దు. పెద్ద వేర్లు బెరడు నుంచి ఊడేటప్పుడు తెగిపోతాయి, అలా తెచ్చినవి ఎక్కువ భాగం చనిపోతాయి. గాలివానకు కొమ్మ విరిగి కింద పడితే, నూలు తాడుతో పక్క చెట్టుకు కట్టండి, చాలు.

బ్యాంకాక్ వెళ్తున్నాం. సూట్‌కేసులో నాలుగు మొక్కలు తెచ్చుకోవచ్చా?

కాగితాలు లేకుండా తేకూడదు. మన దేశానికి ముందుగా దిగుమతి అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. దానికి తోడు ఆర్కిడ్ జాతులన్నీ సైటీస్ కిందికి, అంటే అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి. ఎయిర్‌పోర్టు షాపువాడు "నో ప్రాబ్లమ్" అంటాడు. మన కస్టమ్స్ దగ్గర నిలబడేది అతను కాదు కదా. అదే థాయ్ రకాలను మన నర్సరీలు సక్రమంగా తెప్పించి అమ్ముతున్నాయి.

## ఇంటికి తెచ్చాక

ఏ మట్టి వేయాలి? ఎర్రమట్టా, వర్మీకంపోస్టా?

ఏ మట్టీ వద్దు. మనం పెంచే రకాలు దాదాపు అన్నీ చెట్ల కొమ్మల మీద, వేర్లు గాలిలో వేలాడేసి బతికేవి. వేరు మీద స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. వాన పడగానే అది నీళ్లు పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరుతుంది. మట్టిలో పాతితే ఆ పొర ఆరదు, కుళ్లుతుంది. ఆర్కిడ్‌కు కుండీ నిలబడటానికి ఆసరా మాత్రమే.

నేను వాడేది సగం కట్టెబొగ్గు, పావు ఇటుక ముక్కలు, పావు కొబ్బరి డొక్క ముక్కలు. బొగ్గు ఇస్త్రీ బండివాళ్లు వాడేదే. బార్బెక్యూ కోసం అచ్చుపోసి అమ్మే బొగ్గు బిళ్లలు పనికిరావు. కొబ్బరి డొక్కలో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. ఫెలనాప్సిస్‌కు పైన్ బెరడు ముక్కలు దొరికితే మంచిది. ముక్కలు ఉసిరికాయంత ఉండాలి. పొడి, ఇసుక కలపొద్దు.

షాపులో పూలతో ఉన్నది కొన్నాను. వెంటనే కుండీ మార్చాలా?

పూలు ఉండగా కదిలించొద్దు, ఉన్న పూలు రాలిపోతాయి. పైన అందమైన పింగాణీ కుండీ ఉంటే మాత్రం లోపలి ప్లాస్టిక్ కుండీని బయటికి తీసి అడుగున నీళ్లు నిలిచాయేమో చూడండి. పూలు అయ్యాక తీసి చూస్తే చాలాసార్లు వేర్ల మధ్యలో తడి నాచు (మాస్) గట్టిగా కుక్కి ఉంటుంది. అప్పుడు దాన్ని మెల్లగా లాగేయండి.

కొరియర్‌లో వట్టి వేర్లతో, వాడిపోయి వచ్చింది. చచ్చినట్టేనా?

చాలాసార్లు కాదు. గది ఉష్ణోగ్రతలో ఉన్న మామూలు నీళ్లలో వేర్లను అరగంట ముంచండి. కరకరలాడుతూ ఖాళీగా ఉన్న వేర్లను కత్తిరించి, ఒక పూట నీడలో ఆరనిచ్చి చిన్న కుండీలో కదలకుండా కట్టండి. వారం పది రోజులు నీడలోనే ఉంచాలి. కొత్త వేరు కొన కనబడేదాకా ఎరువు వద్దు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి? టీవీ పక్కన బాగుంటుంది కదా?

పూలు ఉన్న రోజుల్లో టీవీ పక్కన పెట్టుకోండి, అది అలంకారం. పెరగాల్సిన రోజుల్లో బాల్కనీలోనో కిటికీ దగ్గరో ఉండాలి. ఉదయం తొమ్మిదిలోపు ఎండ నేరుగా తగలొచ్చు, ఆ తర్వాత వడపోసిన వెలుతురు చాలు. డెండ్రోబియంకు 50 శాతం షేడ్ నెట్, ఫెలనాప్సిస్‌కు 75 శాతం సరిపోతాయి. వెలుతురు సరిపోయిందో లేదో ఆకే చెబుతుంది. ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడితే వెలుతురు తక్కువ, పూత రాదు. లేత పచ్చగా ఉంటే సరిగ్గా ఉంది. పసుపు, ఎరుపు తిరిగితే ఎండ ఎక్కువైంది. ఏసీ గాలి నేరుగా తగిలేచోట ఎప్పుడూ పెట్టొద్దు.

వేర్లు కుండీ బయటికి పాకుతున్నాయి. కత్తిరించనా?

వద్దు. మొక్క హాయిగా ఉందని అర్థం. లోపలికి కుక్కినా విరిగిపోతాయి, అలాగే వదిలేయండి.

## నీళ్లు, ఎరువు

ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి?

ఈ ప్రశ్నకు రోజుల లెక్కలో జవాబు చెప్పినవాళ్లను నమ్మొద్దు. వేరును చూడండి. తడిగా ఉంటే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది. వెండిరంగు తిరిగాకే నీళ్లు. వేర్లు కనబడకపోతే కుండీని చేత్తో ఎత్తండి. నీళ్లు పోసిన రోజు బరువు, ఆరిన రోజు బరువు నాలుగుసార్లకే చేతికి తెలిసిపోతుంది. మా బాల్కనీలో బొగ్గులో ఉన్న డెండ్రోబియంకు ఏప్రిల్‌లో రోజూ, ఆగస్టులో నాలుగైదు రోజులకోసారి, డిసెంబరులో వారానికోసారి పడుతుంది. అదే మొక్క, అదే కుండీ.

పోసేటప్పుడు గ్లాసుతో చిలకరించకండి. అడుగునుంచి ధారగా కారేదాకా పోసి, నీళ్లన్నీ జారిపోనివ్వండి. పొద్దున్నే పోస్తే రాత్రికి ఆకుల మధ్య తడి ఆరుతుంది. ఫెలనాప్సిస్ నడిబొడ్డున, ఆకులు కలిసే చోట, నీళ్లు నిలిస్తే టిష్యూతో అద్దేయండి. అక్కడ ఒక్కసారి కుళ్లు పట్టిందా, మొక్క దాదాపు పోయినట్టే.

మాది బోరు నీళ్లు. ఆర్వో నుంచి పక్కకు వచ్చే నీళ్లు పోయొచ్చా?

ఆర్వో పక్కపైపు నీళ్లు మాత్రం వద్దు. ఆ మెషీన్ ఉప్పులను వేరుచేసి వదిలేది ఆ నీళ్లలోనే, బోరు నీళ్లకంటే అవే ఘోరం. నీళ్లు వృథా కాకూడదన్న మంచి మనసుతోనే చాలామంది ఈ పని చేస్తారు. వాటితో ఇల్లు తుడుచుకోండి. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దానితో నీళ్లు చూడండి. 200 లోపు ఉంటే నిశ్చింత, 500 దాటితే వేరు కొనలు మాడి, కుండీ మీద తెల్ల పూత కడుతుంది. వాననీళ్లు అన్నిటికంటే ఉత్తమం. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు, శుభ్రమైన బకెట్‌లో పట్టి నేను వేసవంతా వాటినే పోస్తాను. బోరు తప్ప గతిలేకపోతే నెలకోసారైనా మంచినీళ్లతో కుండీని బాగా కడగండి.

అమెరికాలో మా అమ్మాయి వారానికి మూడు ఐస్ ముక్కలు పెడుతోంది. మేమూ అలా చేయాలా?

అక్కడ సూపర్‌మార్కెట్ ఫెలనాప్సిస్‌ల మీద ఆ సలహా రాసి ఉంటుంది. నీళ్లు ఎక్కువ పోయకుండా కొలత కోసం పెట్టిన చిట్కా అది. మన ఇళ్లలో బొగ్గు, ఇటుక ముక్కల కుండీకి ఆ కాసిని నీళ్లు ఏ మూలకూ చాలవు. మీ అమ్మాయికి కూడా చెప్పండి, సింకులో పెట్టి గోరువెచ్చని నీళ్లు ధారగా పోసి, కారిపోయాక కిటికీ దగ్గర పెట్టమని. చలికాలంలో హీటర్ గాలి తగలకుండా చూసుకుంటే చాలు.

బియ్యం కడిగిన నీళ్లు, మజ్జిగ, అరటితొక్కల నీళ్లు మంచివేనా?

గులాబీకి పోసుకోండి. ఆర్కిడ్ కుండీలో వాటిని జీర్ణం చేసే మట్టి లేదు. అవి వేర్ల మీదే పులిసి బూజును, చీమలను, చిన్న దోమలను పిలుస్తాయి.

ఎరువు ఏది, ఎంత?

విత్తనాల షాపులో రైతులు కొనే 19:19:19 చాలు. నీళ్లలో కరిగే రకం అడగండి. పది లీటర్ల బకెట్‌కు ఒక టీస్పూను, అంటే లీటరుకు సుమారు అర గ్రాము, వారానికోసారి. వేర్లు ముందు మామూలు నీళ్లతో తడిశాకే ఎరువు నీళ్లు పోయాలి. ప్యాకెట్ మీద రాసిన మోతాదు పొలానిది, దాన్ని చూసి పోస్తే వేరు కొనలు నల్లబడతాయి. కొత్త పెరుగుదల లేని చలికాలంలో నెలకోసారి చాలు.

రోహిణి కార్తె ఎండల్లో ఎలా కాపాడాలి?

షేడ్ నెట్ రెండో పొర వేయండి. కుండీల కింద వెడల్పు ట్రేలో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగనంత నీళ్లు ఉంచండి. కుండీ అడుగు నీటిని తాకకూడదు. ఉదయం ఆరింటికి నీళ్లు, సాయంత్రం నేలను, గోడలను తడపడం. మిట్టమధ్యాహ్నం మొక్క మీద చల్లొద్దు, పైపులో నీళ్లే ఆ సమయానికి సలసల కాగుతుంటాయి. ఫెలనాప్సిస్‌లను ఆ రెండు వారాలు ఇంట్లోకి తెచ్చేస్తాను. ఈ రోజుల్లో కుండీ మార్పులు, కొత్త కొనుగోళ్లు పెట్టుకోవద్దు.

వానలో వదిలేయొచ్చా?

మృగశిర తొలకరికి వేర్ల కొనలు పచ్చగా లేచి రావడం చూస్తే ముచ్చటేస్తుంది, ఆ వానల్లో తడవనివ్వండి. నాలుగు రోజుల ముసురు పడితే మాత్రం పైకప్పు కిందికి జరపాలి. గాలి ఆడకుండా తడి నిలిస్తే కుళ్లు మొదలవుతుంది. ఈ కాలంలోనే నత్తలు రాత్రుళ్లు వచ్చి లేత వేర్లను, మొగ్గలను కొరికేస్తాయి. చీకటిపడ్డాక టార్చి వేసి ఏరేయడమే నాకు తెలిసిన మంచి మందు.

పది రోజులు ఊరెళ్తున్నాం. ఏం చేయాలి?

వేసవి కాకపోతే, వెళ్లే ముందు బాగా నానేలా నీళ్లు పోసి నీడకు జరిపి వెళ్లండి. డెండ్రోబియం కాండంలో నీళ్లు నిలవ ఉంటాయి, పది రోజులకు చావదు. పనిమనిషికి అప్పగిస్తే "మీ మొక్కలకి రోజూ పోశానమ్మా" అని సంతోషంగా చెబుతుంది, భయం అక్కడే. వేసవిలో అయితే ఎవరో ఒకరు తప్పదు.

## పూత

పూలు రాలిపోయాయి. కాడ కత్తిరించాలా?

ఫెలనాప్సిస్ కాడ పచ్చగా ఉంటే, కిందినుంచి రెండో మూడో కణుపు పైన కత్తిరించండి. మళ్లీ పక్కకొమ్మ వేసే అవకాశం ఉంది. మొక్క నీరసంగా ఉంటే, కాడ ఎండితే మొదలంటా తీసేయండి. డెండ్రోబియంలో ఎండిన పూలకాడను మాత్రమే తీయాలి. ఆకులు రాలి, కర్రల్లా మిగిలిన పాత కాండాలను చచ్చాయనుకుని చాలామంది కోసేస్తారు. అవి మొక్క దాచుకున్న ధాన్యపు గాదెలు, వాటి కొసలనుంచి మళ్లీ పూయవచ్చు కూడా. నొక్కితే డొల్లగా, గోధుమరంగులో ఉన్నవే కోయండి.

ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, రెండేళ్లుగా పువ్వు లేదు. ఎందుకు?

పదిలో ఎనిమిది ఇళ్లలో నేను చూసిన కారణం వెలుతురు తక్కువ కావడమే. నెలకు కొంచెం చొప్పున వెలుతురు వైపు జరపండి, ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు మాడుతుంది. ఫెలనాప్సిస్‌కు మరో షరతు, రాత్రి 16 నుంచి 18 డిగ్రీలకు పడే చలి రెండు మూడు వారాలు తగలాలి. డిసెంబరులో దాన్ని బెడ్‌రూమ్‌లో దాచకుండా బాల్కనీలోనే ఉంచండి. "బ్లూమ్ బూస్టర్" సీసాలు కొనడం మా ఇంట్లో ఎప్పుడో మానేశాం.

మొగ్గలు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. జబ్బా?

ఎక్కువగా జబ్బు కాదు, చోటు మారిన బెంగ. నర్సరీ నుంచి కారులో తెచ్చినప్పుడు, ఏసీ గదిలోంచి ఎండలోకి మార్చినప్పుడు, నీళ్లు బాగా ఆలస్యమైనప్పుడు ఇలా అవుతుంది. ఇంకోటి చాలామందికి తట్టదు. మాగే మామిడిపండ్లు, అరటిపండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గలను రాల్చేస్తుంది. డైనింగ్ టేబుల్ మీద పండ్లబుట్ట పక్కన ఆర్కిడ్ పెట్టకండి.

కాండం మీద చిన్న పిల్ల మొక్క వచ్చింది. ఎప్పుడు వేరు చేయాలి?

దానికి సొంతంగా మూడు నాలుగు వేర్లు, ఒక్కోటి రెండంగుళాలు పెరిగాక. అంతవరకు తల్లి దగ్గరే ఉండనివ్వండి, ఆరు నెలలైనా సరే.

## జబ్బులు, పురుగులు

ఆకులు ముడతలు పడ్డాయి. నీళ్లు పెంచనా?

తొందరపడొద్దు. నీళ్లు చాలకపోయినా ముడతలే, వేర్లు కుళ్లి నీళ్లు పీల్చలేకపోయినా ముడతలే. మొక్కను తీసి వేర్లు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే దాహం. మెత్తగా ఉండి, పైపొర ఊడి లోపల దారంలా మిగిలితే కుళ్లు. కుళ్లినవన్నీ కోసేసి, కొత్త పొడి మిశ్రమంలోకి మార్చి, నీళ్లు తగ్గించాలి. రెండో సందర్భంలో నీళ్లు పెంచడమే నేను మొదటి ఐదింటికీ చేసింది.

ఆకు మీద నల్లటి మచ్చ, మెత్తగా ఉంది, వాసన వస్తోంది. ఏం చేయాలి?

ఆ రోజే కత్తి తీయాలి. బ్లేడును మంటమీద కాల్చి, మచ్చకు అంగుళం ఇవతల మంచి భాగంలో కోయండి. కోసిన ఆకు అంచుకు దాల్చినచెక్క పొడి అద్దండి, వేర్లకు మాత్రం తగలనివ్వకండి, వాటిని ఎండగొడుతుంది. మొక్కను మిగతావాటినుంచి దూరంగా, గాలి తగిలేచోట పెట్టి నాలుగు రోజులు నీళ్లు ఆపండి. అన్నిటికంటే కింద ఉన్న ముసలి ఆకు ఒక్కటే మెల్లగా పసుపు తిరిగితే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, వయసు అయిపోయింది.

ఆకుల సందుల్లో తెల్లటి దూదిలా ఉంది, చీమలు కూడా తిరుగుతున్నాయి. ఏమిటది?

పిండినల్లి. చీమలు దాని తీపి జిగురు కోసం వస్తాయి. కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటీ తుడిచేయండి. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగుల్లో, తొడిమల సందుల్లో తగిలేలా కొట్టాలి. వారానికోసారి, మూడు వారాలు. ఎండలో కొడితే నూనె ఆకును కాలుస్తుంది.

ఇంట్లో పిల్లి, చంటిపిల్ల ఉన్నారు. ఆర్కిడ్ విషమా?

ఫెలనాప్సిస్ పిల్లులకు, కుక్కలకు విషం కాదు. మనం వంటలో వాడే వెనిల్లా కూడా ఒక ఆర్కిడ్ కాయే. భయపడాల్సింది మీరు కొట్టిన మందుల గురించి. అవి ఆరేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మా పిల్లి మొక్కను తినదు, బొగ్గు ముక్కలు తీసి హాల్లో ఆడుకుంటుంది.

## కుండీ మార్పు

ఎన్నాళ్లకు మార్చాలి? ఏ నెలలో?

సుమారు రెండేళ్లకోసారి, లేదా కొబ్బరి డొక్క చివికి పొడి అయిపోయినప్పుడు. పూత అయ్యాక, కొత్త వేరు పచ్చ కొన కనబడిన వారంలోనే చేయాలి. మా దగ్గర ఫిబ్రవరి చివర, లేదంటే జూన్ మూడో వారం అనుకూలం.

మార్చేటప్పుడు పెద్ద కుండీ తీసుకుంటే మళ్లీ మళ్లీ మార్చే పని తప్పుతుంది కదా?

తప్పదు, ముందే మార్చాల్సి వస్తుంది. పెద్ద కుండీ మధ్యలో తడి రోజుల తరబడి ఆరదు. వేర్లు ఇరుకుగా పట్టే కుండీయే మంచిది, ముఖ్యంగా డెండ్రోబియంకు. ముందుగా మొక్కను పదిహేను నిమిషాలు నానబెడితే వేర్లు మెత్తబడి కుండీ గోడను వదులుతాయి. వదలని వేరును లాగకండి. మట్టికుండీ అయితే పగలగొట్టి, పెంకుతో సహా కొత్తదాంట్లో పెట్టేయండి. పాత కాండాలను గోడకు ఆనించి, కొత్త పిలక మధ్యకు వచ్చేలా అమర్చి, కర్రకు నూలు దారంతో కట్టండి. ఎత్తి ఊపితే మొక్క కదలకూడదు. వారం పాటు నీడలో, ఆకుల మీద పొద్దున్నే కాస్త తుంపర తప్ప నీళ్లు వద్దు.